హాజరు పట్టీ

జలీబ్‌లో, టైర్ల గోడౌను మీద మేడ.
పద్నాలుగో నంబరు గది.
తలుపు మీద తారుతో "పోస్టు" అని రాసింది
లాన్స్ నాయక్ గెడ్డం నతనయేలు.
మూడుసార్లు రంగులేశారు ఓనర్లు,
అక్షరాలు కిందనుంచి ఊరుతూనే ఉన్నాయి.

చరిత్ర రాయమన్నారు నన్ను.
పల్టనులో నేను స్టోర్ కీపర్ని. లెక్కలే వచ్చు.
లెక్కగానే చెప్తాను.

తొంభై మూడు, రంజాన్ నెల. ఏడుగురు.
ఏడుగురూ ఫౌజులో చేసినవాళ్ళే, ఏడుగురూ పేటవాళ్ళే.
ఒకడు వంతెనలు కట్టాడు, ఒకడు మందుపాతరలు ఏరాడు,
తాడి దేవవరం పదహారేళ్ళు
ఆఫీసర్ల మెస్సులో ఉల్లిపాయలు తరిగాడు.
ఊళ్ళో మాజీ సైనికుల సంఘం లేకపోలేదు, పెంకుల హాలు.
జెండా పండక్కి పిలిచేవారు.
కుర్చీలు తక్కువపడేవి, ఎప్పుడూ మా వైపే.
నతనయేలు నవ్వుతూ చెప్పేవాడు:
"ఆ ప్రెసిడెంటూ నేనూ మంచుకొండ మీద
ఒకే దుప్పట్లో పడుకున్నాంరా.
కిందికి దిగాక గుర్తొచ్చింది ఆయనకి, నేనెవరో."

చందా అర దీనారు.
మొదటి ఖర్చు: తాళం, రెండు చాపలు, ఇస్త్రీపెట్టె.
కంపెనీ ఇచ్చిన గార్డు బట్టలు ఎవడికీ సరిపోవు,
మడత మాత్రం కత్తిలా ఉండాలన్నది
పోస్టు మొదటి తీర్మానం.

శుక్రవారం పొద్దున హాజరు.
పేర్లు కాదు, పాత ఫౌజు నంబర్లు.
బ్యాంకు గేటు కాసేవాడు, పైపుల యార్డు కాసేవాడు,
జహ్రా అవతల్నుంచి ఒంటెల వాసనతో ఒకడు
రెండు బస్సులు మారి, పప్పుచారు తొణక్కుండా.
"హాజర్ సాబ్!" అనేసరికి
వారమంతా "ఏయ్ హారిస్" అనిపించుకున్న మనిషి
అంగుళం పెరిగేవాడు.

తొంభై తొమ్మిది, ఆగస్టు. మోకా ఇమ్మానుయేలు.
క్యాబిన్లో ఏసీ ఆగిపోయి, కుర్చీలో కూర్చున్నట్టే.
తెల్లారగట్ల లారీవాడు గేటు తియ్యమని
హారన్ కొడుతూనే ఉన్నాడట.
ప్యాంటు మడత చెదరలేదు.
డ్యూటీ పుస్తకంలో చివరి వరస ఆయన చేతిరాతే:
రాత్రి రెండు గంటలు. సబ్ ఠీక్.

పెట్టె విమానం ఎక్కడానికి పంతొమ్మిది రోజులు.
జెండా కప్పుతారా అని కౌంటర్లో అడిగాం.
డ్యూటీలో పోయాడా, అన్నాడు గుమాస్తా.
అవును, అన్నాం.
ఏ డ్యూటీ, అన్నాడు.
ఆ జవాబుకి రిజిస్టర్లో
రెండు గీతలు ఖాళీ వదిలాను.

మార్చురీ వెనక పార్కింగులో నిలబడ్డాం.
బ్యూగిల్ లేదు.
దేవవరం దోసిలి నోటికి ఆనించి
లాస్ట్ పోస్ట్ ఊదాడు.
పొద్దుగూకినా మనిషిపోయినా ఫౌజులో అదే రాగం.
ఊపిరి చాలక మధ్యలో తెగింది.
అటుగా పోతున్న ఈజిప్టు నర్సు
ఎందుకో సంచి కింద పెట్టి నిలబడింది.

అప్పట్నుంచి ఇరవై ఆరు పెట్టెలు.
ఇరవై ఒకటి దేవవరం ఊదాడు.
ఇరవై రెండోది ఆయనదే.

ఒక మాట రిజిస్టర్లో లేదు.
పెంకుల హాలు ప్రెసిడెంటు చిన్నల్లుడు,
ఏజెంటు ముంచేస్తే, పాస్‌పోర్టు లేకుండా
ఒక రాత్రి మా తలుపు కొట్టాడు.
నతనయేలు చాప పరిచాడు.
గదిలో ఉన్నది ఒకటే స్టీలు గ్లాసు.
అందరం తాగాక అతని చేతికొచ్చింది.
చూస్తూ ఉన్నాం, ఎవరూ చూడనట్టు.
తాగాడు. ఇంకొంచెం అడిగాడు.
అప్పుడు రాయొద్దన్నాడు నతనయేలు.
ఇప్పుడాయన లేడు. రాస్తున్నాను.

గోడౌను పడగొడతారట వచ్చే నెల.
తలుపు ఊడదీయించి
నా క్యాబిన్ వెనక నిలబెట్టాను.
ఎండకి తారు కాస్త కారింది.

మొన్న శుక్రవారం
పిలిచిన నంబర్లు నలభై ఒకటి.
పలికినవి నాలుగు.
పలకని ప్రతి నంబరు దగ్గరా
ఒక మనిషి నోరు తెరిచేంతసేపు ఆగాను.

రాత్రి రెండవుతోంది.
పుస్తకం తెరిచాను, పెన్ను చేతిలో ఉంది.
గేటు అవతల ఎవరో హారన్ కొడుతున్నారు.
ఉండండి, వస్తున్నా.